జర్మనీ సుగ్గి

రైలు ఆదోనిలో ఆగేసరికి ఇంకా తెల్లారలేదు. ఫిబ్రవరి చలి. ప్లాట్‌ఫాం మీద కాలు పెట్టగానే జేబు తడుముకున్నా. పాస్‌పోర్టు ఉంది. అందులో ఆధార్ కార్డంత ప్లాస్టిక్ కార్డు కూడా ఉంది. అది లేకపోతే తిరిగి వెళ్లలేను.

దాన్ని జర్మనీ వాళ్లు ఇచ్చారు. తాత్కాలికంగా మా దేశంలో ఉండొచ్చు, పని చేసుకోవచ్చు అని చెప్పే కార్డు. ముందువైపు నా ఫొటో, గడువు తేదీ. వెనక అక్కడి ఇంటి అడ్రసు, నా ఎత్తు, కళ్ల రంగు, పుట్టిన ఊరు. ఆ ఊరి పేరు ఆదోని. మా అమ్మ కాన్పు ఇక్కడి ఆస్పత్రిలో అయింది కాబట్టి పాస్‌పోర్టులో ఆదోని పడింది, అక్కణ్నుంచి కార్డులోకి ఎక్కింది. బెర్లిన్‌లో అచ్చయిన కార్డు మీద ఆదోని అని చూసినప్పుడు ఒక్కణ్నే గదిలో కూర్చుని నవ్వుకున్నా.

స్టేషన్ బయట ఉగ్గాని, బజ్జీ వేడిగా దొరికాయి. నానబెట్టిన బొరుగులు, పైన పుట్నాల పొడి, పక్కన పొడుగు మిరపకాయ బజ్జీ. మా వైపు పుట్టినవాడికి ఇది టిఫిను కాదు, మందు. రెండు ప్లేట్లు లాగించాక ఆదోని కళ్లకు కనిపించింది. మార్కెట్ యార్డు వైపు పోతున్న పత్తి బండ్లు, రోడ్డు పక్క ముళ్లకంపలకు అంటుకున్న తెల్లటి దూది, వెనక కొండ మీద కోట. 1786లో టిప్పు సుల్తాన్ ముట్టడించి పట్టుకున్న కోట అది. ఎందరు పాలించారో, ఎందరు వచ్చి పోయారో. వాళ్లలో ఎవరికీ రెసిడెన్స్ పర్మిట్ అవసరం రాలేదు.

సంతకం, స్టాంపు, క్యూ

ఎమ్మిగనూరుకు రైలు లేదు. ఆదోని నుంచి బస్సులో 30 కిలోమీటర్ల దాకా పోవాలి. కిటికీ పక్క సీటు దొరికింది. మీకు ఈ కార్డు కథ చెప్పడానికి ఆ మాత్రం టైం చాలు.

నేను 2023 జులైలో జర్మనీ వెళ్లాను. ఊరి పేరు వద్దులెండి. ఇండియాలో ఇచ్చిన నేషనల్ వీసా ఆరు నెలలకే. ఆలోపల అక్కడి విదేశీయుల ఆఫీసులో అసలు పర్మిట్‌కు అప్లై చేసుకోవాలి. నాది ఈయూ బ్లూ కార్డు. డిగ్రీ ఉండి, చట్టం చెప్పినంత జీతం ఉన్న ఉద్యోగం దొరికినవాళ్లకు ఇచ్చేది. జర్మనీలో ఇది 2012 నుంచి ఉంది. ఒకసారి ఇస్తే గరిష్ఠంగా నాలుగేళ్లు.

దానికంటే ముందు ఇంకో పని. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు మున్సిపల్ ఆఫీసుకు పోయి 'నేను ఫలానా ఇంట్లో ఉంటున్నాను' అని నమోదు చేయించుకోవాలి. దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఇది విదేశీయులకే కాదు, జర్మన్లకూ తప్పదు. ఇంటి ఓనరు సంతకం పెట్టిన కాగితం కావాలి. ఈ నమోదు లేకపోతే ట్యాక్స్ నంబరు రాదు, తర్వాతి పనులేవీ కదలవు. ఇంకో చిత్రం చెప్తా. పోస్టు డబ్బా మీద మన ఇంటిపేరు అతికించకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. మా ఊళ్లో నన్ను ఇంటిపేరుతో పిలిచినవాడు లేడు. అక్కడ పోస్ట్‌మ్యాన్‌కు దాంతోనే తెలుసు.

ఆ తర్వాత పర్మిట్ అప్లికేషను. పాస్‌పోర్టు, బయోమెట్రిక్ ఫొటో, ఉద్యోగ ఒప్పందం, జీతం స్లిప్పులు, హెల్త్ ఇన్సూరెన్స్, ఇంటి అద్దె కాగితం, 100 యూరోల ఫీజు. రెండు చేతుల చూపుడు వేళ్ల ముద్రలు. మా అవ్వ రేషన్ షాపులో వేలు పెట్టినట్టే. కార్డు అచ్చయి రావడానికి వారాలు పడుతుంది.

నా అప్లికేషను టైంలోనే వేశా. కానీ కార్డు రాకముందే, 2024 జనవరిలో, వీసా గడువు అయిపోయింది. అప్పుడు చేతికి ఒక కాగితం ఇచ్చారు. దాని పేరు ఫిక్షన్స్‌బెషైనిగుంగ్. పేరులోనే ఫిక్షన్ ఉంది. అర్థం కూడా అదే. నీ పాత వీసా అయిపోలేదు, ఇంకా నడుస్తోందని అనుకుందాం అని చట్టం ఒక కల్పన చేసుకుంటుంది. మడతపెట్టి పాస్‌పోర్టులో పెట్టుకున్నా. చదవలేదు. జర్మన్‌లో ఉంది కదా అని.

అవ్వ అడుగుతాంది

కాగితం వచ్చిన వారానికి నాయన ఫోన్ చేశాడు.

"అవ్వకు బాగలేదురా. నిన్ను అడుగుతాంది."

మా అవ్వ గురించి చెప్పాలంటే సుగ్గి గురించి చెప్పాలి. పశ్చిమ కర్నూలు వాళ్లకు ఈ మాట కొత్త కాదు. మా పక్కనే కర్ణాటక. కోతల కాలాన్ని కన్నడంలో సుగ్గి అంటారు. మా వైపు ఆ మాటకు వలస అనే అర్థం వచ్చేసింది. తుంగభద్ర దిగువ కాలువ ఉంది కానీ చివరి పొలాల దాకా నీళ్లు వచ్చేది అనుమానమే. వాన మీద పండే పత్తి, ఉల్లి అయిపోయాక ఊళ్లో పని ఉండదు. సంక్రాంతి దాటితే ఎమ్మిగనూరు, ఆదోని, కోసిగి, మంత్రాలయం చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం బండ్లు కట్టించుకుని గుంటూరు వైపు మిరప కోతకు పోతారు. ఉగాదికి కాస్త అటూ ఇటుగా తిరిగొస్తారు.

మా అమ్మా నాయనా అట్లే పోయేవాళ్లు. నన్ను అవ్వ దగ్గర వదిలేవాళ్లు. బడి మానకూడదని. తర్వాత తర్వాత మా లాంటి పిల్లల కోసం సర్కారు సీజనల్ హాస్టళ్లు కూడా పెట్టింది. నాకు మాత్రం అవ్వే హాస్టలు. పొద్దున్నే జొన్నరొట్టె, రాత్రికి కథ. నాలుగో తరగతిలో ఒక్కసారి పట్టుబట్టి అమ్మతో గుంటూరు వైపు పోయా. పొలం గట్టున పట్టా కట్టిన గుడారం, మూడు రాళ్ల పొయ్యి, రాత్రంతా దగ్గు తెప్పించే మిరప ఘాటు. కోసిన కిలోల లెక్కన కూలి. అక్కడ మాకు పేర్లు లేవు. అందరం 'కర్నూలోళ్లం'. ఏటా మూడు నెలలు అమ్మ అక్కడే బతికింది, కానీ ఆ అడ్రసు ఏ కాగితంలోనూ లేదు. మన దేశంలో వలస కూలీల చట్టం 1979లో వచ్చింది. అది ఉన్నన్నాళ్లూ ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోయేవాళ్లకే. కర్నూలు నుంచి గుంటూరు పోయేవాడు దాని లెక్కలోకి వచ్చేవాడు కాదు.

సరే, ఫోన్ దగ్గరికి వస్తా. టికెట్ చూశా. డబ్బులున్నాయి, లీవుంది. కానీ వీసా అయిపోయింది, చేతిలో ఉన్నదేమో 'అనుకుందాం' కాగితం. ఫ్రెండ్స్ గ్రూపులో అడిగితే నలుగురూ ఒకటే మాట. "వద్దు బ్రో, బయటికి పోతే మళ్లీ రానివ్వరు." వాళ్లలో ఒకడికి నిజంగానే అలా అయిందట. భయం వేసింది. ఈ ఉద్యోగం పోతే ఇంటి అప్పు ఎవరు కడతారు? కార్డు రాగానే వస్తానని నాయనకు చెప్పా.

పన్నెండు రోజులు అవ్వ ఉంది. వీడియో కాల్‌లో నన్ను చూసి ఏదో అనేది, సగం అర్థమయ్యేది కాదు. పదమూడో రోజు పొద్దున నాయన ఫోన్. ఏం చెప్తాడో రింగులోనే తెలిసిపోయింది. ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి జాతర రోజులవి. ఏటా అవ్వ చెయ్యి పట్టుకుని తేరు చూసిన జాతర. మట్టి పనులు కూడా ఫోన్‌లోనే చూశా.

మార్చిలో కార్డు వచ్చింది. ఆఫీసులో ఒక సీనియర్‌కు ఈ సంగతంతా చెప్తే, పాత కాగితం చూపించమన్నాడు. మడత విప్పి ఒక గడి మీద వేలు పెట్టాడు.

"నీకు నాలుగో పేరా దగ్గర టిక్ పెట్టారు కదా. దీంతో పోయి రావచ్చు."

జర్మనీ ఆవాస చట్టంలో 81వ సెక్షన్. కాగితం మీద దాని ప్రకారం మూడు గడులుంటాయి. అంతకుముందు పర్మిట్ గానీ, నేషనల్ వీసా గానీ లేకుండా అప్లై చేసినవాళ్లకు మూడో పేరా వర్తిస్తుంది. దాంతో దేశంలో ఉండొచ్చు కానీ, బయటికి వెళ్తే దాన్ని చూపించి తిరిగి రాలేరు. నేషనల్ వీసా ఉండగానే, గడువు లోపల అప్లై చేసినవాళ్లకు నాలుగో పేరా. వాళ్లకు పాత హక్కులన్నీ కొనసాగుతున్నట్టే. పాస్‌పోర్టు, పాత వీసా, ఆ కాగితం పెట్టుకుని వెళ్లి రావచ్చు. గ్రూపులో వాడిది మూడో పేరా అయ్యుంటుంది. నాది కాదు.

ఒక్క టిక్. మా అవ్వకు చదువు రాదు. కాగితం ఇస్తే తలకిందులుగా పట్టుకుని, "ఏముందో సదువు నాయనా" అని నాకే ఇచ్చేది. నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివాను, రోజంతా కోడ్‌లో తప్పులు వెతికే పని నాది. నా పేరున వచ్చిన ఒకే ఒక్క పేజీ చదవలేదు. ఫోన్‌లో ఫొటో తీస్తే అనువాదం అదే చేసి పెడుతుంది. ఆఫీసుకు ఒక్క మెయిల్ పెట్టినా చెప్పేవాళ్లు. తప్పు ఎవరి మీదా వేయలేను.

సందుకపెట్టె

ఎమ్మిగనూరు వచ్చేసింది. మగ్గాల ఊరు. 1938లో మాచాని సోమప్ప గారు నేతన్నల సహకార సంఘం పెట్టిన ఊరు. అవ్వ చీరలు, నాయన పంచెలు అన్నీ ఇక్కడివే. అక్కణ్నుంచి ఆటో పట్టుకుని మా ఊరికి పోయేసరికి ఎండెక్కింది.

ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు. మా వీధి చివర ఒక వ్యాన్ నిలబడి ఉంది. బియ్యం మూటలు, బిందెలు, దుప్పట్లు, ఒక కోడి ఎక్కిస్తున్నారు. ఇప్పుడు రేషన్ కార్డు ఎక్కడైనా చెల్లుతుంది కాబట్టి బియ్యం కొన్నాళ్లకు సరిపడా తీసుకుంటే చాలట. పక్కింటి పెద్దమ్మ నన్ను చూసి చేతిలో మూట దించింది.

"యాలకొచ్చినావప్పా? మళ్లా ఎప్పుడు పోతావు?"

"మూడు వారాలుంటా పెద్దమ్మా."

"మా సుగ్గి ఉగాదికి అయిపోతాది. నీ సుగ్గి ఎప్పటికి?"

కార్డు మీద 2028 అని ఉంది. బీ1 స్థాయి జర్మన్ పాసైతే 21 నెలలకే, ఏ1తో అయితే 27 నెలలకు శాశ్వత పర్మిట్ అడగొచ్చు. ఇదంతా ఆమెకు ఎట్లా చెప్పను? "ఇంకా మూడేండ్లు" అన్నా. "అంత పెద్ద సుగ్గా!" అని నవ్వింది. ఆమె మనవడు, ఏడెనిమిదేళ్లవాడు, గడపలో కూర్చుని వ్యాన్ వైపే చూస్తున్నాడు. వాడు పోవడం లేదు. వాడి అవ్వ దగ్గర ఉంటాడు.

మా అమ్మా నాయనా సుగ్గికి పోవడం మానేసి నాలుగేళ్లయింది. నా జీతం వచ్చినప్పటి నుంచి. ఇంట్లో అవ్వ మంచం గోడకు నిలబెట్టి ఉంది. అమ్మ రొట్టెలు చేస్తోంది. పొయ్యి పక్కన కూర్చుని కార్డు తీసి ఇచ్చా. తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని రెండు చేతులతో పట్టుకుంది.

"దీనికోసమేనా ఆ పొద్దు రాలేకపోయింది?"

"దీనికోసమేనమ్మా." టిక్ సంగతి ఆమెకు ముందే చెప్పా. దాచలేదు. ఆమె ఒక్క మాటా అనలేదు, ఇప్పటిదాకా.

నేను తెచ్చిన జిరాక్సు తీసుకుని అవ్వ సందుకపెట్టె తెరిచింది. లోపల అవ్వ రేషన్ కార్డు, నాయన పట్టాదారు పాసుపుస్తకం, నా పదో తరగతి మార్కుల లిస్టు. వాటి మీద జిరాక్సు పెట్టి, మూత వేయబోయి ఆగింది.

"ఈసారన్నా అంతా సదివినావా?"

"సదివినానమ్మా. రెండు పక్కలా."

మూత వేసింది. బయట వ్యాన్ స్టార్ట్ అయిన చప్పుడు. ఇద్దరం వాకిట్లోకి వచ్చి నిలబడ్డాం.