ఇంటి మాట - బడి పాఠం

భాష నేర్పడానికి అక్షరాలు కావాలి, వాచకాలు కావాలి, వ్యాకరణం కావాలి. వీటన్నిటికంటే ముందు, నేర్చుకొనేవారికి చెప్పవలసిన మాట ఒకటి ఉండాలి. పాఠం ఆ మాటకు చోటిస్తే భాష మనసుకు పడుతుంది. చోటివ్వకపోతే పరీక్ష దాకా వచ్చి ఆగిపోతుంది. ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వెళ్ళే దారిలో ఊళ్ళు పలచబడి అడవి చిక్కబడే చోట ఈ విషయం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఆ అడవి అంచున జూనియర్ కళాశాల విద్యార్థులకు చాలాకాలం తెలుగు బోధించిన అనుభవంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈ ప్రాంతపు ఆదివాసుల్లో కోయలు ప్రధానమైనవారు. వారి భాష తెలుగుకు పరాయిది కాదు. ద్రావిడ భాషా కుటుంబంలో తెలుగు, గోండి, కోయ, కువి, కొండ భాషలు ఒకే శాఖకు చెందినవని భాషాశాస్త్రవేత్తలు నిర్ణయించారు. అయితే దగ్గరి చుట్టరికమే ఒక్కొక్కసారి చిక్కు తెచ్చిపెడుతుంది. తెలుగులో ‘ఏరు’ అంటే ప్రవాహం. కోయలో ‘ఏర్’ అంటే నీళ్ళు. తెలుగులో ‘లోన’ అంటే లోపల. కోయలో ‘లోన్’ అంటే ఇల్లు. వాచకంలో ‘ఇ’ అక్షరం పక్కన ఇంటి బొమ్మ ఉంటుంది. “ఇదేమిటి?” అని ఉపాధ్యాయుడు అడిగితే కోయ బాలిక “లోన్” అంటుంది. ఆమె సరైన సమాధానమే చెప్పింది. కోయ తెలియని ఉపాధ్యాయుని చెవికి అది తప్పుగా వినిపిస్తుంది. “కాదు, ఇల్లు” అన్న దిద్దుబాటు నాలుగైదుసార్లు ఎదురైతే ఆ పాప మాట్లాడటం మానుకొంటుంది. మాట్లాడని పిల్లను మందమతి అనుకోవడం, ఆ పిల్ల క్రమంగా బడికి దూరం కావడం ఆ తరువాత జరిగే పరిణామాలు.

ఈ సమస్యను వంద సంవత్సరాలకు పూర్వమే గుర్తించిన తెలుగువాడు గిడుగు వెంకట రామమూర్తి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న కాలంలో ఆయన సమీపంలోని కొండల్లో నివసించే సవరల భాషను పట్టుదలతో నేర్చుకొన్నాడు. సవర తెలుగుకు బంధువు కూడా కాదు. అది ముండా భాషాకుటుంబానికి చెందినది. ఆయన సవర పిల్లల కోసం వారి భాషలోనే వాచకాలు రాశాడు, పాటలూ కథలూ సేకరించాడు, బడులు పెట్టించాడు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర నిఘంటువు 1938లో వెలువడ్డాయి. వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగా గిడుగును మనమంతా ఎరుగుదుము; ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. ప్రజలు మాట్లాడే తెలుగుకు పుస్తకంలో స్థానం కావాలని వాదించినవాడే, సవర పిల్లవాని పలుకుకూ పుస్తకంలో స్థానం కావాలన్నాడు. ఆ రెండు కృషుల వెనుక ఉన్న న్యాయం ఒక్కటే.

1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించేందుకు తగిన వసతులు కల్పించాలని నిర్దేశించింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయ, గోండి, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో ప్రాథమిక బోధనకు శ్రీకారం చుట్టారు. వాచకాలను తెలుగు లిపిలోనే రూపొందించారు. పిల్లవాడు తన మాటను తాను చూసే తొలి అక్షరాల్లోనే చదువుకొంటాడు. ఆ అక్షరాలే అతన్ని తరువాత తెలుగులోకి నడిపిస్తాయి.

అయితే వాచకం భాష మారినంత మాత్రాన పాఠానికి ప్రాణం రాదు. రంగుల బొమ్మలు చేర్చడమే సృజనాత్మకత అని కొందరు భావిస్తారు. బొమ్మ ఎంత అందంగా ఉన్నా, విద్యార్థి చేయవలసిన పని బొమ్మ కింది వాక్యాన్ని ఎక్కించుకోవడమే అయితే ఆ పాఠంలో అతనికి చోటు లేనట్లే.

మా తరగతిలో ఒక కోయ విద్యార్థి ఉండేవాడు. వసంత ఋతువును వర్ణించమంటే రెండు వాక్యాలు రాసి కలం కింద పెట్టేవాడు. ఒకసారి “మీ ఇంట్లోవాళ్ళు చేసే పనిని, ఆ పని తెలియనివారికి అర్థమయ్యేటట్లు రాయండి” అని అందరికీ చెప్పాను. అతడు తునికాకు సేకరణను గురించి నాలుగు పుటలు రాశాడు. కొత్త చిగుళ్ళ కోసం ముందుగా తునికి మోళ్ళు నరకడం, ఎండలు ముదిరిన రోజుల్లో తెల్లవారకముందే తల్లితో అడవికి పోవడం, యాభై ఆకులు లెక్కపెట్టి కట్ట కట్టడం, కల్లంలో వరుసలుగా ఆరబెట్టడం అన్నీ పొల్లుపోకుండా చెప్పాడు. అందులో ఒక వాక్యం: “వాన పడితే ఆకు చెడుతుంది, చెడితే మా అమ్మ నడక లెక్కలోకి రాదు.”

ఆ పుటలనే మరునాడు పాఠంగా చదివించాను. “కోసి, పేర్చి, కట్టి, ఆరబెట్టి” అన్న వరుసలో క్త్వార్థకం ఉంది. “పడితే, చెడితే” అన్నచోట చేదర్థకం ఉంది. అంతవరకు సూత్రాలుగా బట్టీ పట్టిన వ్యాకరణాన్ని పిల్లలు ఒక మనిషి శ్రమలో చూశారు. పట్టణం నుండి వచ్చిన విద్యార్థులు అతన్ని ప్రశ్నలతో ముంచెత్తారు: కట్టకు యాభైయే ఎందుకు? ఆకు పండిందని ఎట్లా తెలుస్తుంది? అతడు లేచి నిలబడి తెలుగులో సమాధానాలు చెప్పాడు. రెండవ భాషలో మాట్లాడుతున్నానన్న జంకు ఆ గంటసేపు అతనిలో కనిపించలేదు. అక్కడ ఆ విషయం తెలిసినవాడు అతడొక్కడే.

లోకంలో ఇతర ప్రాంతాల ఉపాధ్యాయులకూ ఇటువంటి అనుభవం కలిగింది. న్యూజిలాండ్‌లో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్ వార్నర్, ఒక్కొక్క పిల్లను పిలిచి “నీకు ఏ మాట కావాలి?” అని అడిగి, ఆ మాటనే అట్టమీద రాసి ఇచ్చేది. అవే వారి తొలి పాఠాలు. ఆమె ఈ పద్ధతిని 1963లో వచ్చిన ‘టీచర్’ అనే గ్రంథంలో వివరించింది. మన దగ్గర ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశపు తొలి సంపుటం రైతుల నోట విన్న వ్యవసాయ పదాలకు గౌరవస్థానం కల్పించింది. పండితుడు రైతు దగ్గరకు వెళ్ళి మాట నేర్చుకోవచ్చునని ఆ కోశం నిరూపించింది.

ఇక్కడ ఒక సందేహం కలగవచ్చు. కోయ పిల్లలకు తునికాకు, ఇప్పపువ్వు మాత్రమే పాఠాలైతే వారు అడవి దాటేదెట్లా? తల్లిదండ్రులు కూడా ఇదే అడుగుతారు. ఉద్యోగానికి తెలుగు కావాలి, ఇంగ్లీషు కావాలి అంటారు. వారి ఆరాటం న్యాయమైనదే. ప్రాచీన సాహిత్యంపై పరిశోధన చేసినవాడిగా నేనూ ఒక మాట చెప్పగలను: తిక్కన భారతం కోయ పిల్లలకు కూడా చెందిన ఆస్తి. దాన్ని వారికి దక్కకుండా చేసే హక్కు ఎవరికీ లేదు. ఇంటి మాట గడప వంటిది. దానిమీదుగానే బయటి లోకంలోకి అడుగు పెడతాము. భద్రాచల స్థలకథలో రాముని విగ్రహాలను మొదట కనుగొన్నది పోకల దమ్మక్క అనే ఆదివాసీ స్త్రీ. రామదాసు కీర్తనల పాఠాన్ని ఆమె కథతో మొదలుపెడితే, ఆ తరగతిలోని కోయ విద్యార్థిని తన వారి పేరు విని తల ఎత్తుతుంది. అక్కడి నుండి కీర్తన దాకా వెళ్ళడం కష్టం కాదు.

ఇటువంటి పాఠాలు తయారుచేయడానికి పెద్ద సంస్థలే అవసరం లేదు. భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది ప్రకటిస్తారు. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు పెరిగింది. ఈ అంకెల అర్థాన్ని ఏటిగట్టున ఉండే ఒక అవ్వకు తెలిసేటట్లు అయిదు వాక్యాల్లో రాయండి. ఏ సరకు ముందు మూట కట్టాలి, పశువులను ఎటు తోలాలి, ఎప్పుడు బయలుదేరాలి అన్నవి అందులో ఉండాలి. రాసిన తరువాత ఆమెకు చదివి వినిపించండి. ఆమెకు ఏ మాట తెలియలేదో అడిగి, ఆమె వాడే మాటను దాని స్థానంలో ఉంచి తిరగరాయండి. వచ్చే సంవత్సరం మీ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ చదువుకోవడానికి ఆ కాగితాన్ని తరగతిలో భద్రపరచండి.