కొండవీడులో ఒక కాలిక్యులేటర్ల బీరువా

కొండవీడు ఊళ్లో ఒక విశ్రాంత లెక్కల అధ్యాపకుడి ఇంట్లో పాత సైంటిఫిక్ కాలిక్యులేటర్ల బీరువా ఉంది. పై అరలో కాలిక్యులేటర్లు లేవు. ఒక స్లైడ్ రూలు, క్లార్క్స్ టేబుల్స్ అనే అట్ట ఊడిన గణిత పట్టికల పుస్తకం ఉన్నాయి. వరస అక్కడ మొదలుకావడమే సబబు. ఈ పల్నాడు ప్రాంతానికి నీళ్లిచ్చే నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. చేతిలో ఇమిడే సైంటిఫిక్ కాలిక్యులేటర్ అప్పటికింకా పుట్టనే లేదు; చేతి లెక్కలకు ఇలాంటి సాధనాలే దిక్కు.

రెండో అరలో ఉన్నది హెచ్‌పీ-35. 1972లో 395 డాలర్ల ధరకు అమ్మకానికి వచ్చింది. 35 మీటలున్నాయి గనక ఆ పేరు. దీనికి ‘ఈజ్ ఈక్వల్ టు’ మీట లేదు. 3 కొట్టి ఎంటర్, 4 కొట్టి ప్లస్, 5 కొట్టి ఇంటూ నొక్కితే 35 వస్తుంది. అంకెలు ముందు, చేయాల్సిన పని తరవాత. ‘మూడుకు నాలుగు కలిపి అయిదుతో గుణించు’ అని తెలుగులో లెక్క చెప్పే వరసా ఇదే కాబట్టి ఇక్కడివారికి త్వరగానే అలవాటవుతుంది. వెనక అంటించిన సీరియల్ నంబరులో తయారీ తేదీ దాగి ఉంటుంది. నంబరు 1302ఎ అని మొదలైతే, మొదటి రెండంకెలకు 60 కలపాలి: 1973, రెండో వారం, అమెరికాలో తయారీ.

తొలి హెచ్‌పీ-35లలో ఒక లోపం ఉండేది. 2.02కు సహజ లాగరిథమ్ తీసి, దాన్ని మళ్లీ ఘాతంగా మారిస్తే 2.02 రావాలి, 2 మాత్రమే వచ్చేది. ఈనాడు సేకర్తలు ఆ తప్పు జవాబిచ్చే యంత్రం కోసమే వెతుకుతారు.

దాని పక్కనే 1974 నాటి సింక్లెయిర్ సైంటిఫిక్. తయారీదారుల తెలివికి ఇంతకంటే మంచి ఉదాహరణ బీరువాలో మరొకటి లేదు. లోపలి చిప్‌లో పట్టేవి 320 ఆదేశాలే. స్థిరాంకాలకు చోటు చాలక వాటిని డబ్బా మీదనే అచ్చువేశారు. పై (π) విలువ కావాలంటే చూసి కొట్టుకోవాలి. కొన్ని త్రికోణమితి లెక్కలకు చాలా సెకన్లు పడుతుంది, జవాబులో కచ్చితత్వమూ తక్కువే. అయినా అంత చిన్న చిప్‌తో సైన్, లాగ్ రాబట్టడం మామూలు పని కాదు. దాని తరవాతది 1976 నాటి టీఐ-30. అప్పటి ధర 25 డాలర్లకు కాస్త తక్కువ. స్లైడ్ రూలును విద్యార్థుల చేతుల్లోంచి తప్పించిన వాటిలో అదొకటి.

పాత యంత్రం పరిశీలన బ్యాటరీ అరతోనే మొదలవుతుంది. పాత నికెల్ కాడ్మియం బ్యాటరీలు కారితే తెల్లని, ఆకుపచ్చని పొక్కు పడుతుంది. అది క్షారం; వెనిగర్ చుక్కతో తుడిచి, తరవాత స్పిరిట్‌తో శుభ్రం చేస్తారు. హెచ్‌పీ-25 వంటి వాటిని మంచి బ్యాటరీ లేకుండా చార్జర్‌కు తగిలిస్తే చిప్‌లు కాలిపోయే ప్రమాదం ఉంది. హెచ్‌పీ-65లో ప్రోగ్రాం కార్డును లాగే రబ్బరు చక్రం ఏళ్లు గడిచేకొద్దీ జిగురులా కరుగుతుంది, దాన్ని మార్చక తప్పదు.

తరవాత అసలు పరీక్ష. డిగ్రీల్లో 9కి సైన్, కొసైన్, టాన్ వరసగా తీసి, మళ్లీ ఆర్క్‌టాన్, ఆర్క్‌కొసైన్, ఆర్క్‌సైన్ తీస్తారు. సిద్ధాంతం ప్రకారం 9 రావాలి. కానీ సైన్ 9 అంటే సుమారు 0.1564, అన్ని డిగ్రీలకు కొసైన్ 0.9999962727. పదంకెల్లో అయిదు తొమ్మిదులకే పోయాయి. వెనక్కి వచ్చేటప్పుడు యంత్రం చేతిలో మిగిలేవి అయిదంకెలే. ఆ నష్టాన్ని ఏ చిప్ ఎలా మోస్తుందన్నది జవాబు చెబుతుంది. హెచ్‌పీ-41సీ, హెచ్‌పీ-15సీ రెండూ 9.000417403 అనే చూపుతాయి. డబ్బాలు వేరైనా లెక్క చేసే తీరు ఒకటేనని దీన్నిబట్టి తెలిసిపోతుంది. మెరుగు, మచ్చలు చూసి ధర కట్టేవారు ఈ పరీక్ష చేయకపోవడం పెద్ద లోటు.

కింది అరలో కాసియో ఎఫ్‌ఎక్స్-82లు, ఎఫ్‌ఎక్స్-991లు ఉన్నాయి. పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ విద్యార్థులు వాడి వదిలేసినవి. బయట వీటికి ధర రాదు. కానీ ఇక్కడి చదువులకు నిజంగా పనికొచ్చిన యంత్రాలివి. కొత్తగా సేకరణ మొదలుపెట్టేవారు ముందు వెతకాల్సినవి ఇవే. చౌక గనక చెత్తలోకి ముందు వెళ్లేవీ ఇవే.