మానవశాస్త్రం, దాని పక్కన మరొకటి

ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడగానే మా పునరావాస విభాగానికి రాకపోకలు పెరుగుతాయి. ఫైళ్ళ కోసం కాదు. కాలనీలోని తల్లిదండ్రులు, వైద్యవిద్యలో సీటు అందని అమ్మాయినో, ఇంజనీరింగు వద్దని మొండికేసిన అబ్బాయినో వెంటబెట్టుకుని వచ్చి, “డిగ్రీలో మానవశాస్త్రం దొరుకుతున్నది, చేర్పించమంటారా?” అని అడుగుతారు. మా ముగ్గురికీ ఆ శాస్త్రంలోనే పట్టాలున్నాయి గనుక ఈ ప్రశ్న మా గదికి చేరటం సహజమే. “మనుషులను గూర్చి తెలుసుకోవటానికి కాలేజీ ఎందుకండీ, మన క్యాంటీను చాలదా?” అని చమత్కరించే మిత్రులూ లేకపోలేదు. విడివిడిగా చెబుతూ వచ్చిన జవాబును ఈసారి అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాము.

ముందుగా చేదు మాట. మానవశాస్త్రం అనే పేరు బోర్డు మీద కనిపించే ఉద్యోగాలు తక్కువ. 1945లో ఏర్పడి, కలకత్తా కేంద్రంగా పనిచేస్తున్న భారత మానవశాస్త్ర సర్వే సంస్థ, కొన్ని రాష్ట్రాల గిరిజన పరిశోధనా సంస్థలు, మ్యూజియములు, విశ్వవిద్యాలయ శాఖలు – వీటిలో చాలావాటికి పట్టభద్రత చాలదు, ఆపై చదువు కావాలి. స్వచ్ఛంద సంస్థల్లో అవకాశాలున్నా, అవి తరచు ఒకటి రెండేళ్ళ ఒప్పందాలు, జీతమూ అంతంతమాత్రమే. ఈ సంగతి దాచి పిల్లలను ఉత్సాహపరచటం మాకు ఇష్టం లేదు.

అయితే పేరు లేకుండా ఈ శాస్త్రానికి పని ఉన్న చోట్లు చాలా ఉన్నాయి. మా గదే అందుకు సాక్ష్యం. 2013 నాటి భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనాను తప్పనిసరి చేసింది. అదే ఏడు వచ్చిన కంపెనీల చట్టం, నిర్ణీత స్థాయి దాటిన సంస్థలు తమ మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద వెచ్చించాలన్నది. ఈ రెండు పనులకూ ఊరిలో కూర్చుని వినగలిగినవారు కావాలి. విన్నదాన్ని పట్టికలోకి ఎక్కించగలిగినవారు మరీ కావాలి.

ఒక్క ఉదాహరణ చాలు. మొదటి సంవత్సరం పాఠ్యపుస్తకంలో “ఇల్లు వేరు, కుటుంబం వేరు” అనే అధ్యాయం ఉంటుంది. పిల్లలు దాన్ని పరీక్ష కోసం బట్టీపట్టి మరచిపోతారు. ఒక ఊరు లేచిపోవలసి వచ్చినప్పుడు, ఆ అధ్యాయమే ఎవరికి ఇల్లు దక్కాలో తేలుస్తుంది. 2013 చట్టం ప్రకారం వితంతువు, విడాకులు పొందిన స్త్రీ, కుటుంబం విడిచిపెట్టిన స్త్రీ – వీరు వేరు కుటుంబాలుగా లెక్క. యుక్తవయస్సు వచ్చిన కొడుకైనా కూతురైనా, పెళ్ళి కాకపోయినా, వేరు కుటుంబమే. కానీ చట్టం రాసినంత మాత్రాన పేర్లు వాటంతటవే జాబితాలోకి నడిచి రావు. గుమ్మం దగ్గర నిలబడి “ఇంటి పెద్ద ఎవరు?” అని అడిగి, ఒక పేరు రాసుకుని వెళ్ళేవానికి ఆ పెరట్లో రాజుకుంటున్న రెండో పొయ్యి కనిపించదు. మానవశాస్త్ర విద్యార్థి మొదట పొయ్యిలు లెక్కపెట్టటం నేర్చుకుంటాడు.

ఇది కొత్త సంగతేమీ కాదు. కొమురం భీము 1940లో జోడేఘాట్ వద్ద మరణించిన తరువాత, ఆదిలాబాదు గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకునే పని నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్తకు అప్పగించింది. ఆయన మార్లవాయిలో నివసించి గ్రంథం రాయటంతో సరిపెట్టుకోలేదు. గోండులకు భూమి పట్టాలు, గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ – ఇవి ఆ అధ్యయనం నుండి పుట్టిన పనులు.

ఇక చేరదలచుకున్నవారు ఏమి ఎంచుకోవాలి? ఈ శాస్త్రంలో పెద్ద శాఖలు రెండు. శారీరక మానవశాస్త్రం ఎముకలను, జన్యువులను, శరీర కొలతలను చూస్తుంది. సామాజిక మానవశాస్త్రం బంధుత్వాన్ని, ఆచారాన్ని, బతుకుతెరువును చూస్తుంది. మొదటిదాని మీద మక్కువ ఉంటే పక్కన జంతుశాస్త్రమో జీవసాంకేతికమో ఉండటం మేలు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. వంటి చోట్ల మానవ జనసమూహాల జన్యు వైవిధ్యంపై జరిగే పరిశోధనకు దారి అటునుంచే. ప్రజారోగ్యానికీ అదే దారి: ఆరు నెలల నుండి అయిదేళ్ళలోపు బిడ్డ దండ చుట్టుకొలత 115 మిల్లీమీటర్లకు తగ్గితే తీవ్ర పోషకాహార లోపమని గుర్తిస్తారు. ఆ టేపును సరిగా పట్టటం కూడా విద్యే. రెండవ శాఖవారికి అర్థశాస్త్రమో, తరువాత న్యాయశాస్త్రమో తోడైతే బలం. ఇద్దరికీ కావలసినది గణాంకశాస్త్రం. లెక్కలంటే భయపడి ఇటు వచ్చే పిల్లలకు ఈ మాట రుచించదని మాకు తెలుసు.

సివిల్ సర్వీసుల సంగతి అడగనివారు లేరు. మెయిన్ పరీక్షలో లెక్కకు వచ్చే 1750 మార్కుల్లో ఐచ్ఛికాంశానివి 500. మానవశాస్త్రం ఎంచుకునేవారు ఎక్కువే. మంచిదే, కానీ ఆ ఒక్క పరీక్ష కోసం మూడేళ్ళ చదువు ఎంచుకోనక్కరలేదు. ఏ పట్టభద్రుడైనా ఆ ఐచ్ఛికాంశం తీసుకోవచ్చు.

కాలేజీ పేరు కన్నా ముందు అక్కడి పనిని విచారించండి. కలకత్తా, ఢిల్లీ, ఆంధ్ర విశ్వవిద్యాలయాలు పాత పేర్లే. ఎక్కడైనా అడగవలసినవి రెండు ప్రశ్నలు: క్షేత్రపరిశీలనకు ఎన్ని రోజులు పంపుతారు? విద్యార్థులు రాసిన పాత నివేదికలు చూపిస్తారా? పదిహేను రోజులైనా ఊరిలో ఉంచని చోట చేరటం, నీళ్ళు లేని చెరువులో ఈత నేర్చుకోవటమే. నివేదికలు చూపటానికి వెనుకాడితే మరో చోటు చూసుకోండి.

చివరిది భాష. దీన్ని ఏ ప్రాస్పెక్టసూ చెప్పదు. మేము పనిచేస్తున్నది ఒడిశా కొండల పక్కన. ముగ్గురికీ ఒడియా వచ్చు. కుయి మాత్రం మాలో ఒకరికే, అదీ నాలుగేళ్ళ కష్టం మీద. ఒక గ్రామంలో ఒక వృద్ధురాలిని ఒడియాలో, దుబాసీ ద్వారా, పిల్లలెంతమంది అని అడిగితే ఇద్దరు కొడుకులన్నది. కాగితంలో అలాగే పడింది. వారం తరువాత మా కుయి మిత్రుడు అదే వసారాలో కూర్చుని, వాన సంగతీ ఇప్పపూల సంగతీ మాట్లాడుతూ ఉండగా, లోపల వడ్లు దంచుతున్నది ఎవరని అడిగాడు. కూతురు. ముప్ఫై దాటిన, పెళ్ళికాని కూతురు. “పిల్లలంటే కొడుకుల సంగతి అడుగుతున్నారనుకున్నా” నన్నదట ముసలమ్మ. ఆ సాయంత్రం సవరణ పత్రం నింపాము. తుది జాబితాలో ఆ కూతురు తన పేరుతో, ఒక కుటుంబంగా, ఒక ఇంటికి అర్హురాలిగా నమోదయింది.