అగస్త్యుడు లేని ఆకాశం

లేహ్‌లో విమానం దిగినవాళ్ళు ముందుగా నేర్చుకోవలసింది మెల్లగా నడవడం. మా ధరూర్‌లో నాలుగు వందల మీటర్ల ఎత్తు కూడా ఎరగని ఊపిరితిత్తులకు అక్కడ ఒక్కసారిగా మూడున్నర వేల మీటర్లు ఎదురవుతాయి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, వంగి బూటు తాడు కట్టుకుంటే తలపోటు. తొలి రెండు రోజులు నీళ్ళు బాగా తాగి ఊరికే పడుకోమని లద్దాఖీలు చెబుతారు. ఆ మాట వినాలి. నేను పోవలసిన హాన్లే అక్కడికంటే ఇంకా ఏడెనిమిది వందల మీటర్లు పైన ఉంది.

బయల్దేరేముందు అవ్వ ఒకటే మాట అడిగింది: "శివరాత్రికి అందరు అలంపురం పోతుంటే నువ్వు ఆ సలిలకు ఏంటికి పోతున్నవ్ రా?" శివరాత్రి కాబట్టే పోతున్నానని చెప్పాను. మాఘ బహుళ చతుర్దశి నాడు చంద్రుడు తెల్లవారబోయేముందు సన్నని గీతలా వస్తాడు. ఆ లోపు రాత్రంతా చుక్కలదే. కెమెరా పట్టుకుని ఆకాశం కింద జాగారం చేయడానికి ఏడాదిలో అంతకంటే మంచి రాత్రి నాకు తెలియదు. అవ్వ ఇంకేమీ అనలేదు. ఎండు జొన్నరొట్టెలు, పల్లీల పొడి కట్టి ఇచ్చింది. ఆ చలిలో చెడిపోకుండా నిలిచినవి అవే.

లేహ్ నుంచి హాన్లే రెండు వందల యాభై కిలోమీటర్ల పైచిలుకు. ఉప్శి దాటాక దారి సింధు నదిని వదలదు. ఒడ్డుల వెంట గడ్డకట్టిన తెల్లని పలకలు, వాటి మధ్య ఆకుపచ్చగా సన్నని పారకం. చుమాథాంగ్‌లో మాత్రం వేడినీటి ఊటలు. నది అంచున ఆవిరి లేస్తుంటే పక్కన రాళ్ళ మీద మంచు పేరుకుని ఉంటుంది. అక్కడ చాలాసేపు ఆగాను. మాహే, లోమా దగ్గర అనుమతి పత్రాలు చూపించాలి. సైనిక స్థావరాలున్న చోట్ల కెమెరా సంచిలోనే ఉండాలి. 2020 జూన్‌లో గల్వాన్‌లో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు అమరుడయ్యాక లద్దాఖ్ అనే పేరు మా ఇళ్ళలో మారుమూల ప్రాంతంలా వినపడటం మానేసింది. ఆ దారిలో ప్రతి సైనిక లారీకీ పక్కకు తప్పుకుని దారిస్తుంటే ఆయనే గుర్తొచ్చాడు.

మంచును ఫోటో తీయడంలో కళ్ళకీ కెమెరాకీ తగువు ఉంటుంది. ముందున్నదంతా మధ్యస్థమైన వెలుగే అనుకుని కెమెరా లెక్క వేస్తుంది. తెల్లని కొండ చూపిస్తే దాన్ని బూడిదరంగుకి దించేస్తుంది. అందుకే ఎక్స్‌పోజర్ ఒకటి, ఒకటిన్నర స్టాపులు పెంచి, హిస్టోగ్రామ్ కుడి అంచు తాకకుండా చూసుకోవాలి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు మంచు తెల్లకాగితమే, తీయడానికి ఏమీ ఉండదు. పొద్దు వాలాక ఏటవాలు వెలుగులో గాలి గీసిన చారలు లేస్తాయి. నీడలు నీలంగా ఉంటాయి, ఎందుకంటే అక్కడ పడేది ఎండ కాదు, ఆకాశపు వెలుగు. ఆ నీలాన్ని కంప్యూటర్‌లో తుడిచేసి అంతా తెల్లగా చేసే ఫోటోలు నాకు నచ్చవు. చలి ఆ నీలంలోనే ఉంది.

నిజానికి హాన్లే లోయలో మంచు తక్కువ. మోకాలిలోతు తెలుపు ఊహించుకుని వచ్చేవారికి ఇసుక, పసుపురంగు గడ్డి, వాటిమీద పలచని పొర కనిపిస్తాయి. చుట్టూ శిఖరాలు మాత్రం తెల్లగా ఉంటాయి. ఇది చలి ఎడారి. వానమబ్బుల్ని హిమాలయాలు దక్షిణానే ఆపేస్తాయి. గాలిలో తేమ లేకపోవడం, ఊళ్ళు దూరంగా ఉండటం చూసే భారత ఖగోళ భౌతిక సంస్థ 4,500 మీటర్ల ఎత్తున ఇక్కడి కొండ మీద వేధశాల కట్టింది. అందులోని రెండు మీటర్ల అద్దమున్న హిమాలయన్ చంద్ర టెలిస్కోపు 2000 సెప్టెంబరులో తొలి వెలుగు చూసింది. దాన్ని ఉపగ్రహ సంధానంతో బెంగళూరు దగ్గరి హోస్కోటె నుంచి నడుపుతారు. ఆ కొండ దిగువన మరొకటుంది, 21 మీటర్ల వ్యాసంతో వందల అద్దాలు పేర్చిన మేస్ టెలిస్కోపు. గామా కిరణాలు వాతావరణాన్ని తాకినప్పుడు పుట్టే లిప్తపాటు నీలి మెరుపును పట్టుకోవడం దాని పని. భాభా అణు పరిశోధన కేంద్రం కోసం దాన్ని తయారుచేసింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. 2024 అక్టోబరులో ప్రారంభమైన ఆ ఇనుప పళ్ళెం ముందు నిలబడి ఈసీఐఎల్‌కు పోయే చర్లపల్లి దారిని తలుచుకున్నాను.

మన నేల మీద చుక్కల ఫోటోల కథ ఇంకా పాతది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాద్‌లో స్థాపించిన నిజామియా వేధశాల, తర్వాత బేగంపేటకు మారి, మొత్తం ఆకాశాన్ని గాజు పలకల మీద చిత్రించే అంతర్జాతీయ పనిలో చేరింది. ఎనిమిది అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో పలక వెనక పలక తీసి, ఒక్కో చుక్క స్థానాన్ని కొలిచి పట్టికలు అచ్చువేశారు. ఏడు లక్షలకు పైగా నక్షత్రాలు ఆ లెక్కలోకి వచ్చాయి. ఆ వేధశాలలో పనిచేసిన ఉద్యోగి కొడుకే ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు. ఆకాశాన్ని ఆయన చూడటం నేర్చుకున్నది హైదరాబాద్‌లో. హార్వర్డ్‌లో చదువుతూ 1949లో ఒక ఫోటో పలక మీద కొత్త తోకచుక్కను గుర్తించాడు. దానికి బప్పు-బోక్-న్యూకిర్క్ అని పేరు పెట్టారు. భారత ఖగోళ భౌతిక సంస్థకు రూపమిచ్చిందీ ఆయనే. ఈలోగా బేగంపేట చుట్టూ నగరం పెరిగింది, దీపాలు పెరిగాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల టెలిస్కోపును జపాల్-రంగాపూర్ కొండల్లో పెట్టుకోవలసి వచ్చింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా ఆ చోటు మీదుగానే పోయింది. ఆ తర్వాత అటు కూడా వెలుగు పాకింది. చీకటి వెనక్కి జరిగిన కొద్దీ దాన్ని వెతుక్కుంటూ పోయినవాళ్ళ దారి ఈ హాన్లేకు చేరింది. నేనూ ఆ దారి చివరికే వచ్చాను.

ఇక్కడి చీకటి దానంతటదే నిలిచినది కాదు. 2022 చివర్లో ఈ చుట్టుపక్కల వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు ప్రాంతాన్ని డార్క్ స్కై రిజర్వ్‌గా ప్రకటించారు. కిటికీలకు మందపాటి తెరలు, వీధిలో పైకి వెలుగు చిమ్మని దీపాలు, వాహనాలకు లో బీమ్. ఊళ్ళవాళ్ళే కొందరు శిక్షణ పొంది, ఖగోళ భౌతిక సంస్థ ఇచ్చిన టెలిస్కోపులతో వచ్చినవారికి ఆకాశం చూపిస్తారు. నేను దిగిన ఇంటావిడ వారిలో ఒకరు. పగలు పశువుల పని, రాత్రి శని వలయాలు, నెబ్యులాలు. ఆమెను అక్కడి పద్ధతిలో ఆచే-లే అని పిలిచేవాణ్ణి. నేను నుదుటికి కట్టుకున్న దీపంలో తెల్ల వెలుగు ఆపించి ఎర్రది పెట్టించిందామె. చీకటికి అలవాటు పడ్డ కళ్ళు ఒక్క తెల్లని మెరుపుతో మళ్ళీ మొదటికొస్తాయి.

శివరాత్రి సాయంత్రం పడమట వెలుగు పూర్తిగా పోయాక, సూర్యుడు అస్తమించిన చోటి నుంచి ఒక పలచని కాంతి గోపురంలా కృత్తికల దిక్కుగా లేచింది. ఊరేదో దాని కింద ఉందనుకునేలా ఉంది, కానీ అటు ఊళ్ళు లేవు. సూర్యుని చుట్టూ గ్రహాల దారిలో పరుచుకున్న ధూళి మీద పడిన ఎండ అది. చదివినదాన్ని కళ్ళతో చూడటం అదే మొదలు. నడినెత్తిన మేము పిల్లలకోడి అనే ఆ కృత్తికలు, దక్షిణంగా గొల్లకావడి మూడు చుక్కలు, కింద మృగవ్యాధుడు. ధ్రువుడు మాత్రం నాకు తెలిసిన చోట లేడు. మా ఊళ్ళో ఉత్తరాన పదహారు డిగ్రీల ఎత్తులో ఉండేవాడు ఇక్కడ ముప్పై మూడు డిగ్రీలకు ఎక్కి కూర్చున్నాడు.

మైనస్ 20 కంటే కిందికి పోయిన చలిలో పనంతా బ్యాటరీల చుట్టూ తిరుగుతుంది. ఒకటి కెమెరాలో, మిగతావి స్వెటర్ లోపల ఒంటికి ఆనుకుని. లెన్స్ చుట్టూ వెచ్చని పట్టీ కట్టకపోతే గాజు మీద మంచు పొర పట్టేస్తుంది. వ్యూఫైండర్ మీద ఊపిరి తగలకూడదు. ట్రైపాడ్ ఇనుము ఒట్టి చేత్తో ముట్టకూడదు. 20 మిల్లీమీటర్ల లెన్స్, ఐఎస్ఓ 3200, పదిహేను సెకన్లు; అంతకు మించితే భూమి తిరుగుడుకు చుక్కలు గీతలవుతాయి. ఆ పదిహేను సెకన్లలో కొండ నల్లగానే వస్తుంది. కాబట్టి ట్రైపాడ్ కదపకుండా, ఐఎస్ఓ తగ్గించి, కొన్ని నిమిషాలు షట్టర్ తెరిచి మంచును వేరుగా తీశాను. కేవలం చుక్కల వెలుగులో మంచు కొండ కనిపిస్తుందని కెమెరా వెనక తెర మీద చూసినప్పుడు ఆ చలిలో కాసేపు చేతులు మరిచిపోయాను. ఎక్కడో తీసిన పాలపుంతను మరెక్కడో కొండ మీద అతికించడం నేను ఒప్పుకోను. అదే చోటు, అదే రాత్రి అయితేనే అది ఆ కొండ ఫోటో.

లోపలికి వచ్చేముందు కెమెరాను గాలి చొరని సంచిలో మూసి పెట్టాలి, లేకపోతే బుఖారీ పొయ్యి వెచ్చదనానికి లోపలి గాజుల మీద చెమ్మ దిగుతుంది. ఉప్పు, వెన్న కలిపిన టీ తాగుతూ ఆచే-లేకి ఫోన్‌లో నా పాత ఫోటో ఒకటి చూపించాను. ఆత్మకూరు వైపు గట్టు మీంచి జూరాల జలాశయం నీళ్ళకు అవతల, దక్షిణాన వెలిగే ఒక పెద్ద చుక్క. "ఇదేంటి?" అంది. అగస్త్యుడు అని చెప్పాను. మా దగ్గర ఇరవై డిగ్రీల పైకి వస్తాడు. లెక్క ప్రకారం హాన్లేలో నాలుగైదు డిగ్రీలు మించడు, ఆ కాస్తా కొండల వెనకే. వింధ్య దాటి దక్షిణానికి వచ్చి మళ్ళీ తిరిగి పోని ముని కథ కూడా చెప్పాను, నా వచ్చీరాని హిందీలో.

రోజూ ఆకాశం చూపించే మనిషి తను ఎన్నడూ చూడని చుక్క గురించి ఊరికే వినదు. ఏ నెలలో కనిపిస్తుంది, ఎన్ని గంటలకు, టెలిస్కోపు కావాలా అని వరసగా అడిగింది. ఫిబ్రవరి సాయంత్రాలు చాలునని, టెలిస్కోపు అక్కర్లేదని చెప్పాను. "మీ ఊరికి దారేది?" అంది. లేహ్ నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి హైదరాబాద్, కాచిగూడలో గద్వాల రైలు, గద్వాల నుంచి ధరూర్‌కు బస్సు అని చెబుతుంటే ఆమె తన నోటు పుస్తకంలో రాసుకుంది.