వట్టిపోయిన నెలల లెక్క

పాడి ఉన్న ఇంట్లో 'గేదె మీద ఏమైనా మిగులుతుందా?' అని అడిగి చూడండి. పాల బిల్లు వచ్చిన రోజున ఒక జవాబు వస్తుంది, దాణా బస్తా కొన్న రోజున ఇంకోటి వస్తుంది. గేదె వట్టిపోయిన నెలల్లో మాత్రం అడక్కపోవడమే మంచిది.

గుంటూరు నుంచి తెనాలి వెళ్లే దారిలో వడ్లమూడి పేరు చెబితే చాలామందికి గుర్తొచ్చేది సంగం డెయిరీ. 1977లో జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార వ్యవస్థగా మొదలై, తర్వాత ఉత్పత్తిదారుల కంపెనీ అయింది. విజ్ఞాన్ విశ్వవిద్యాలయమూ ఆ ఊళ్లోనే ఉంది. అక్కడ ఎంబీఏ పిల్లలు ఖర్చుల్ని రకరకాలుగా విడదీసి పరీక్షలు రాస్తుంటారు. చుట్టుపక్కల పల్లెల్లో పాల సేకరణ కేంద్రానికి పాలు పోసే ఆడవాళ్లు ఆ పరీక్ష రోజుకు రెండు పూటలా రాస్తారు. మార్కులు వేసేవాళ్లే లేరు.

అటు పల్లెల్లోనే మా పిన్నికి ఒక ముర్రా గేదె ఉంది. ఆవిడ లెక్కను నేను కాగితం మీద పెట్టాను. అంకెలు సుమారువే, తీరు మాత్రం అసలుది. గేదె ధర లక్ష అనుకుందాం. పది నెలల పాటు సగటున రోజుకు ఆరు లీటర్లు, లీటరుకు 50 రూపాయలు. అంటే 90,000. తవుడు, పత్తిచెక్క, దాణా, గడ్డి కలిపి పాలిచ్చే రోజుల్లో రోజుకు 200 చొప్పున 60,000. తర్వాత నాలుగు నెలలు పాలుండవు, మేత తప్పదు. రోజుకు 120 చొప్పున 14,400. పద్నాలుగు నెలలకు మిగిలేది 15,600. డాక్టరుకీ సూదులకీ ఇంకా లెక్క వేయలేదు. ఆ లక్ష అప్పు తెచ్చి పెట్టిందైతే, నూటికి రూపాయి వడ్డీ కింద 14,000 పోతుంది. చివరికి చేతిలో 1,600.

"అయితే నష్టమేగా పిన్నీ?" అన్నాను.

"మరి ఇంట్లో తాగిన పాలో? పేడో? దూడో?" అంది.

నిజమే. ఇంటికి ఉంచుకున్న లీటరును కేంద్రం ఇచ్చే ధరకు కాదు, ప్యాకెట్టు కొంటే అయ్యే ధరకు కట్టాలి. కానీ ఆ లెక్కను అటు తిప్పినప్పుడు ఇటూ తిప్పాలి. పొలంలో గడ్డి ఉంది కదా, ఊరికే వస్తుంది కదా అనుకుంటాం. కోత మిషన్లు వచ్చాక డెల్టాలో గడ్డి పద్ధతే మారింది. మిషను వెదజల్లిన గడ్డిని ఇంకో మిషను మోపులు చుడితే దాన్ని కొనుక్కుపోయేవాళ్లున్నారు. అమ్ముడుపోయే గడ్డిని గేదెకు వేశామంటే ఆ డబ్బు వేసినట్టే. అదే గట్టు మీద మొలిచిన పచ్చిగడ్డి కొనేవాడు లేడు, దానికి కోసే చాకిరీ ఒక్కటే ఖర్చు.

ఆ చాకిరీ మాట నేనే ఎత్తాల్సి వచ్చింది. తెల్లవారకముందే లేచి పేడ తీయడం, కుడితి పెట్టడం, పాలు పితికి కేంద్రానికి మోయడం, సాయంత్రం మళ్లీ అదే. రోజుకు మూడు గంటలకు తగ్గదు. పిన్ని లెక్కలో దానికి ఒక గడి కూడా లేదు. చాలా ఇళ్లలో పాలు పితికేది ఆడవాళ్లు, పాల ఖాతా ఉండేది మగవాళ్ల పేరు మీద. అందుకే గడి లేదేమో!

ఈ విషయంలో వరి కాస్త అదృష్టం చేసుకుంది. 1965 నుంచీ పంటల ధరల మీద సిఫార్సులు చేస్తున్న కేంద్ర కమిషన్ ఖర్చును పొరలు పొరలుగా తీస్తుంది. విత్తనం, ఎరువు, కూలి, తీసుకున్న పొలానికి కౌలు, ఇలా చేతి నుంచి పోయేవి ఒక పొర. దానికి ఇంటిల్లిపాది చేసిన పనికి విలువ కట్టి కలిపితే ఇంకో పొర. సొంత పొలానికి రావాల్సిన కౌలు, పెట్టుబడి మీద వడ్డీ కూడా కలిపితే పెద్ద పొర. 2025-26కి సాధారణ రకం వడ్లకు కమిషన్ రెండో పొర దగ్గర ఆగి క్వింటాలుకు ఖర్చు 1,579 అంది. దానికి సగం కలిపి మద్దతు ధర 2,369 అయింది. ఖర్చుకు సగం కలపాలన్న స్వామినాథన్ సంఘం సిఫార్సును పెద్ద పొర మీదే లెక్కించాలన్నది రైతు సంఘాల వాదన, అది ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఖర్చు ఎంత అనేది ఎక్కడ ఆపాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. తెనాలి, రేపల్లె వైపు బస్తాల్లో కౌలు కొలిచే రైతుకి దేశం మొత్తం సగటు తీసిన అంకె ఎంతమాత్రం సొంతమనిపిస్తుందో వేరే సంగతి. కనీసం ఇంట్లోవాళ్ల రెక్కల కష్టానికి అక్కడ ఒక గడి ఉంది. పాలకు మద్దతు ధరే లేదు.

డెయిరీ లెక్క వేరు. పాలకు కట్టే డబ్బు లీటర్లను బట్టే కాదు, వెన్న శాతాన్నీ మిగతా ఘనపదార్థాలనూ బట్టి ఉంటుంది. నీళ్లు కలిపితే కొలత పెరుగుతుంది గానీ వెన్న పెరగదు. పొదుగులో మొదటి ధారల కంటే చివరి ధారల్లో వెన్న ఎక్కువ. ఆ చివరి పాలు దూడకు వదిలేస్తే డబ్బున్న పాలనే వదిలినట్టు. పూర్తిగా పిండేస్తే బిల్లు బావుంటుంది, దూడ బక్కచిక్కుతుంది. పెయ్యదూడ అయితే మూడు నాలుగేళ్లకు గేదె అయ్యేది అదే. ఇవాళ్టి బిల్లులో దూడ కనపడదు. పిన్ని కొన్ని ధారలు వదులుతుంది. పెయ్యకు ఎక్కువ, దున్నపోతు దూడకు తక్కువ. ఆ పక్షపాతం నాకు నచ్చదు, కానీ కాదనడానికి నా దగ్గర లెక్క లేదు.

బేరగాళ్లు వచ్చేదీ సరిగ్గా గేదె వట్టిపోయినప్పుడే. ఇంట్లో రోజూ దాణా డబ్బులు పోతుంటాయి, రూపాయి రాదు. "లక్ష పెట్టి కొన్నాం, యాభైకి ఎట్లా ఇస్తాం?" అని మా బాబాయి బిగిసి కూర్చుంటాడు. ఆ లక్ష ఎప్పుడో పోయింది, అది ఇప్పటి బేరంలోకి రావక్కర్లేదు. చూడాల్సింది ఇంకోటి: ఇవాళ యాభై వేలు పలికే చూడి గేదె నాలుగు నెలల మేత, అంటే 14,400 తిని, ఈని పాలకు వస్తే మళ్లీ తొంభై వేలు పలుకుతుందా? పలికేట్టుంటే ఉంచుకోవడమే మేలు. చూలు నిలవకపోతే, ఈనేటప్పుడు కష్టమైతే అన్న భయం ఒకటి ఉంటుంది, దానికీ కొంత కట్టుకోవాలి. బాబాయి చివరకు అమ్మలేదు, కానీ ఆయన కారణం తప్పు, నిర్ణయం ఒప్పు. ఇలాంటివాళ్లు వ్యాపారాల్లోనూ చాలామంది ఉంటారు. గేదె ఈనితే వాళ్లను ముందుచూపున్నవాళ్లంటాం.

మొన్న బాబాయికి రెండో గేదె కొనాలని బుద్ధి పుట్టింది. కొట్టం ఉంది, గాడి ఉంది, కేంద్రానికి ఎట్లాగూ వెళ్తున్నాం, రెండోదానికి కొత్తగా అయ్యేది మేతే కదా అని ఆయన వాదన. వాదన బాగానే ఉంది. కొట్టానికీ దారికీ అది నిజం కూడా.

పిన్ని పాల క్యాను కడుగుతూ అంది: "కొనండి. ఒకదానికైతే నేను చాలు. రెండోదానికి మనిషిని పెట్టాలి. ఆ మనిషికి నెలకెంత ఇస్తారో ముందు నాకు చెప్పండి."

బాబాయి గేదె మాట మళ్లీ ఎత్తలేదు.