మా అవ్వ అణా

మద్రాసులో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరైనా "మీదే ఊరు?" అని అడిగితే "కడప దగ్గర" అనేవాణ్ణి. ఒంటిమిట్ట అంటే ఎవరికీ తెలియదు, తెలియని పేరు చెప్పి మళ్లీ వివరించే ఓపిక నాకు లేదు అనుకునేవాణ్ణి. నిజానికి అది ఓపిక లేకపోవడం కాదు, నామోషీ.

కడప నుంచి రేణిగుంట దారిలో పాతిక కిలోమీటర్లు పోతే మా ఊరు. పెద్ద చెరువు, విజయనగర కాలపు కోదండరాముడి గుడి. గుళ్లోని ముప్పై రెండు స్తంభాల మండపం చిన్నప్పుడు మాకు దాగుడుమూతలాడుకునే చోటు. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఈ గుడి చూసి మెచ్చుకున్నాడని అయ్యవారు చెబితే, "మెచ్చుకోని ఏమిచ్చిపొయ్యినాడు సార్?" అని అడిగి మొట్టికాయ తిన్నాను.

రాష్ట్రం రెండయ్యాక భద్రాచలం తెలంగాణలో ఉండిపోయింది. 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తరఫున సీతారాముల కల్యాణం మా ఊళ్లో మొదలైంది. టీవీలో మా గోపురం కనబడగానే ఆఫీసు మిత్రులందరికీ నేనే ఫోన్లు చేసి "అది మా ఊరే" అని చెప్పాను. ఆఖరున అమ్మకు చేశాను.

"మన గుడి టీవీలో చూసినావామ్మా?"

"టీవీలో చూసేదేముండాది? వాకిట్లో నిలబడితే కనపడుతుంది. నీకు ఇప్పుడు కనపడిందా నాయనా?"

అమ్మ మామూలుగానే అనింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత ఊరికి పోయినప్పుడు పొద్దున్నే ఒక్కణ్ణే గుడి చుట్టూ తిరిగాను. ఇమాంబేగ్ బావి దగ్గర ఆగాను. నవాబుల కాలంలో ఇమాంబేగ్ అనే అధికారి ఇక్కడికి వచ్చి, "మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా?" అని అడిగాడట. మనసారా పిలిస్తే పలుకుతాడన్నారు. మూడుసార్లు పిలిస్తే మూడుసార్లూ "ఓ" అని వినబడిందట. అప్పుడు గుడికి నీళ్ల కరువు తీరాలని ఆయన ఈ బావి తవ్వించాడని మా వాళ్లు చెబుతారు. పలికాడో లేదో నేను చెప్పలేను. బావి మాత్రం ఉంది. నీళ్ల విలువ తెలిసిన సీమలో ఇంతకంటే పెద్ద కానుక ఏముంటుంది?

అక్కడే మా అవ్వ గుర్తుకొచ్చింది. జమ్మలమడుగులో పుట్టిన వావిలికొలను సుబ్బారావుగారు వాల్మీకి రామాయణాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చి ఆంధ్రవాల్మీకి అనిపించుకున్నారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో కొలువు వదిలేసి, పాడుబడిన ఈ గుడిని బాగుచేయడానికి టెంకాయ చిప్ప చేతబట్టుకొని బిచ్చమెత్తారు. ఆ చిప్ప మీద ఒక శతకమే రాశారు. 1936లో పోయారు. చిన్నపిల్లగా ఉన్నప్పుడు మా అవ్వ, వాళ్ల నాయన చేతికిచ్చిన అణాను ఆ చిప్పలో వేసిందట. గుడికి పోయినప్పుడల్లా గోడ మీద చెయ్యి పెట్టి, "దీంట్లో నా అణా ఉండాది రా" అనేది. మేము నవ్వేవాళ్లం. "ఎక్కడవ్వా? ఏ రాయి కింద?" అని ఏడిపించేవాళ్లం.

ఆయన మద్రాసులో కొలువు వదులుకొని ఈ ఊరి కోసం చిప్ప పట్టారు. నేను అదే మద్రాసులో కొలువు చేసుకుంటూ ఈ ఊరి పేరు మింగేశాను. ఆ పొద్దు గోడ మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాను. రాయి అప్పటికే వేడెక్కింది.

తిరుగు రైల్లో ఎదుటాయన అడిగాడు, "మీదే ఊరు?"

"ఒంటిమిట్ట."

"ఓ, గవర్నమెంటు కల్యాణం చేసే చోటు కదా?"

"అవునండీ. దానికంటే ముందు అక్కడొక బావి ఉంది. ఆ గుళ్లో మా అవ్వ వేసిన అణా కూడా ఒకటుంది" అని మొదలుపెట్టాను.