అర్పా ఒడ్డున ఒక రోజు

బిలాస్‌పూరును చూసినవారు మన దేశంలో చాలామంది ఉన్నారు. బిలాస్‌పూరులో దిగినవారు మాత్రం తక్కువ. హౌరా నుండి ముంబయి వైపు పోయే బండి ఇక్కడ ఆగుతుంది. టీ అమ్మేవారి కేకలు, యార్డులో బొగ్గు వ్యాగన్ల బారులు, ఎనిమిది వందల మీటర్లకు పైగా సాగిన ప్లాట్‌ఫారము ప్రయాణికుని కంటబడతాయి. ఇంతలో కూత వినిపిస్తుంది, ఊరు వెనుకబడిపోతుంది. ఆ కూతకు లొంగక ఒక్క రోజు ఇక్కడ నిలిచి, ఒక సైకిలు సంపాదించుకొని, చక్రాలకు గాలి కొట్టించుకొని బయలుదేరిన వానికి ఈ ఊరు మూడు భాషలలో తన కథ చెబుతుంది. అందులో ఒకటి మన తెలుగే.

సైకిలే ఎందుకని అడగవచ్చు. మోటారులో పోయేవాడు వీధిని చూస్తాడు, మనుషులను చూడడు. కాలినడకన పోయేవాడు మనుషులను చూస్తాడు గాని, ఊరంతా తిరగలేడు. సైకిలు ఈ రెంటికీ నడిమిది. వేసవిలో ఇక్కడి ఎండ భరింపరానిది కనుక కార్తికమాసం అనువైన కాలం. రోజంతా తిరిగినా దూరం ముప్ఫై కిలోమీటర్లు మించదు.

పట్టాల వెంట వచ్చినవారు

తెల్లవారుజామున స్టేషను నుండి బయలుదేరితే ముందు రైల్వే కాలనీ ఎదురవుతుంది. చెట్ల నీడలో వరుసలు తీరిన క్వార్టర్లు, వాటి ముందు తులసికోటలు, తెల్లని ముగ్గులు. ఈ ముగ్గుల వెనుక నూరేళ్లకు మించిన చరిత్ర ఉన్నది.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1891 నాటికి నాగపూరు నుండి బిలాస్‌పూరు మీదుగా ఆసన్‌సోల్ వరకు పట్టాలు పరచింది. 1902లో తూర్పుతీరపు రైలుమార్గంలోని ఉత్తరభాగం కూడా ఆ కంపెనీ చేతికే వచ్చింది. దానితో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల పల్లెవాసులకు 'బి.ఎన్.ఆర్.' అనే మూడక్షరాలు జీవనాధారమైనాయి. గ్యాంగుమన్లుగా, ఫైర్‌మన్లుగా, లోకోషెడ్డు కూలీలుగా వారు ఖరగ్‌పూరుకు, చక్రధర్‌పూరుకు, బిలాస్‌పూరుకు తరలిపోయారు. 1931లో రాయపూర్-విజయనగరం మార్గం పూర్తి కావడంతో స్వగ్రామానికి దారి మరింత దగ్గరైంది. 1920లలో ఈ రైల్వే కార్మికులను సంఘటితం చేసి, వారి సమ్మెకు నాయకత్వం వహించిన వి.వి. గిరి ఆ తరువాత 1969లో రాష్ట్రపతి అయినారు.

కాలనీని ఆనుకొని బుధవారీ బజారు ఉన్నది. పేరును బట్టి బుధవారపు సంత. ఆ పక్కనే పన్నెండు గదుల వరుసను బట్టి 'బారహ్ ఖోలీ' అని పిలిచే చోటు. ఎండలు ముదిరే రోజులలో ఇక్కడి తెలుగువారు వేపమండలతో, పసుపునీళ్లతో సోలాపురీ మాత ఉత్సవం జరుపుతారు. ఒడియావారు తమ జగన్నాథుని ఇదే రైల్వే ప్రాంతంలో ప్రతిష్ఠించుకొని రథయాత్ర చేస్తారు. బీహారు నుండి వచ్చినవారు తోర్వా వద్ద నది ఒడ్డున ఛఠ్ పండుగనాడు సూర్యునికి అర్ఘ్యమిస్తారు. రైలు మనుషులను మాత్రమే కాదు, దేవుళ్లను కూడా మోసుకొని వచ్చింది.

బజారులో ఒక టీ దుకాణం ముందు బల్లమీద కూర్చున్న వృద్ధుడొకరు నా మాట తీరు విని పలుకరించారు.

"ఏ ఊరు బాబూ మీది?"

"విజయనగరం దగ్గరండి, తాతగారూ."

"మాది చీపురుపల్లి పక్క. మా తాత గ్యాంగులోకి వచ్చినాడు, మా అయ్య షెడ్డులో చేసినాడు, నేను గార్డుగా దిగిపోయినాను. ఇది నా మనవరాలు. తెలుగు బాగానే మాట్లాడతాది. రాయడమే రాదు. అమ్మవారి పాటలు నాగరి అక్షరాల్లో రాసుకొని పాడతాది."

ఆ పిల్ల సిగ్గుపడుతూ నోటుపుస్తకం చూపించింది. దేవనాగరిలో రాసిన తెలుగు పాట. పదాలు మన ఉత్తరాంధ్రవి; అక్షరాలు మాత్రం ఈ నేలవి.

రైల్వే క్వార్టరు సొంతిల్లు కాదు. ఉద్యోగం ముగిసిన కొద్ది నెలలకే ఖాళీ చేయాలి. మూడు తరాలు ఒకే వీధిలో గడిపినా ఏ గోడా వారిది కాదు. కొందరు ఊళ్లోనే చిన్న ఇల్లు కట్టుకొని నిలిచిపోతారు, కొందరు తాతల ఊరికి మరలిపోతారు. మరలిపోయినవారిని అక్కడ 'బిలాస్‌పూరోళ్లు' అంటారని ఆ పెద్దాయన నవ్వుతూ చెప్పారు. ఇక్కడ ఆంధ్రావాళ్లు, అక్కడ బిలాస్‌పూరువాళ్లు! ఆ నవ్వులో సగం నిట్టూర్పే.

నది పేరు, ఊరి పేరు

స్టేషను వదలి నాలుగైదు కిలోమీటర్లు తొక్కితే పాత ఊరు వస్తుంది. గోల్ బజారు, సదర్ బజారు, వాటిని దాటితే అర్పా నది ఒడ్డున శనిచరీ. ఇది శనివారపు సంత. రైలు కట్టిన ఊరికి బుధవారం, నది కట్టిన ఊరికి శనివారం! ఈ రెండు సంతల మధ్య దూరమే బిలాస్‌పూరు చరిత్ర.

ఇక్కడ బిలాసా విగ్రహం ఉన్నది. ఊరికి పేరిచ్చినది ఏ రాజూ కాదు, ఏ దొరా కాదు. చేపలు పట్టి బ్రతికే కేవట కులపు స్త్రీ. మన బెస్తలకు, పల్లెకారులకు సాటివారు ఈ కేవటులు; రాముని గంగ దాటించిన పడవవాని వంశం తమదని చెప్పుకొంటారు. అర్పా ఒడ్డున వారి గుడిసెలు కొన్ని ఉండేవట. రతన్‌పూరు కలచురి రాజు కల్యాణ్ సాయి వేటకు వచ్చి అడవిమృగం బారిన పడగా బిలాసా అతనిని కాపాడినదని, రాజు ఆమెకు జాగీరు ఇచ్చినాడని జనశ్రుతి. 2021లో విమానాలు నడవడం మొదలైన ఇక్కడి విమానాశ్రయానికి ఆమె పేరే పెట్టారు.

ఈ విగ్రహం ముందు నిలబడినప్పుడు నాకు వేల మైళ్ల దూరాన ఉన్న మరొక నగరం జ్ఞాపకం వచ్చింది. జపానుకు ఉత్తరాన హొక్కైడో ద్వీపపు ముఖ్యనగరం సప్పోరో. అక్కడ తొయొహిరా నది వెంట సైకిళ్లకు ప్రత్యేకంగా బాట ఉన్నది. కొండల అందాలు చూస్తూ దానిపై తొక్కేవారికి నగరం పేరే ఒక పాఠం. ఆ పేరు జపానుభాషది కాదు. ఆ ద్వీపపు ఆదివాసులైన ఐనుల భాషలో దానికి 'ఎండే మహానది' అని అర్థమని ఒక ప్రసిద్ధ వివరణ. 1869 తరువాత జపాను ప్రభుత్వం అక్కడికి వలసలను ప్రోత్సహించింది. ఐనులు తమ నేలలోనే అల్పసంఖ్యాకులైనారు. వారి భాష బడులలో వినిపించకుండా పోయింది. చిరి యుకిఎ అనే ఐను యువతి తన వారి నోట విన్న పాటలను, ఆ భాషకు లిపి లేనందున, రోమను అక్షరాలలో రాసి జపానీ అనువాదం జతపరచింది. 1922లో పందొమ్మిదవ యేట ఆమె మరణించింది. మరుసటి సంవత్సరం పుస్తకం వెలువడింది. ఐనులను ఆదివాసీ ప్రజలుగా జపాను చట్టం పేర్కొన్నది 2019లో! 2020లో షిరఒయిలో వారి సంస్కృతికి జాతీయ ప్రదర్శనశాల వెలసింది. ఒక పిల్ల రాసిన నోటుపుస్తకం చట్టంకంటె దాదాపు నూరేళ్లు ముందున్నది.

బారహ్ ఖోలీలోని అమ్మాయి నోటుపుస్తకం ఇందుకే చిన్న వస్తువు కాదు. అయితే పోలికను హద్దు మీరి లాగరాదు. ఈ నేలమీద ఐనుల స్థానం మనది కాదు, బిలాసా వారిది. మనం పట్టాల వెంట వచ్చినవారం. పొట్టకూటికే వచ్చినా, వచ్చినవారమే.

ఆవలి ఒడ్డు

సైకిలు బెల్లు మ్రోగిస్తూ కంపెనీ గార్డెన్ చేరితే చెట్ల నీడ చల్లగా స్వాగతమిస్తుంది. ఇప్పుడు దానికి వివేకానంద ఉద్యానమని పేరు. ఊరిలోని రాఘవేంద్రరావు సభాభవనం ఎవరి పేరున వెలసిందో తెలిస్తే తెలుగువానికి ఒక క్షణం ఒడలు పులకరిస్తుంది. ఈయన ఇంటిపేరు ఈడుపుగంటి. 1889లో జన్మించి, ఈ ఊరి బారిస్టరుగా, మధ్యపరగణాల మంత్రిగా పేరొంది, 1936లో కొంతకాలం ఆ రాష్ట్రానికి తాత్కాలిక గవర్నరుగా పనిచేశారు. గ్యాంగుమను నుండి గవర్నరు దాకా మనవారు ఇక్కడ అన్ని మెట్లమీదా కనిపిస్తారు.

నెహ్రూ చౌకు దాటి ఇందిరా సేతువు ఎక్కితే అర్పా పూర్తిగా కంటబడుతుంది. వర్షాకాలంలో ఒడ్డులొరసి పారే ఈ నది మిగిలిన కాలంలో ఇసుక మేటల నడుమ సన్నని పాయ. ఇదీ ఎండే నదియే! పేండ్రా ప్రాంతంలో పుట్టి శివనాథ్‌లో కలిసే అర్పా పేరుతోనే 2019లో ఛత్తీస్‌గఢ్ స్వీకరించిన రాష్ట్రగీతం మొదలవుతుంది. గీతంలో పారే నది కళ్లయెదుట పారడం లేదు. అక్రమ ఇసుక తవ్వకాల మీద, నది సంరక్షణ మీద ఈ ఊరిలోనే ఉన్న హైకోర్టు విచారణలు జరిపింది. పచరీ ఘాట్, శివఘాట్‌ల వద్ద నీరు నిలిపేందుకు బ్యారేజీలు తలపెట్టారు.

వంతెన దాటి ఆవలి ఒడ్డున కోనీ వైపు సాగితే 1983లో స్థాపితమైన గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం. మనుషులందరూ సమానమని బోధించిన సత్‌నామీ గురువు పేరిట వెలసినది. డిసెంబరు 18న ఆయన జయంతినాడు పంథీ నృత్యకారులు మాదల్ మ్రోతకు వలయంగా తిరుగుతారు. దేవుత్థాన ఏకాదశి తరువాత బిలాస్‌పూరు వీధులు రావుత్ గోపాలకులవి. గవ్వలు కుట్టిన అంగీలు, తలపాగాలో నెమలిపింఛాలు, చేతిలో కర్రలు. దోహా పాడి, వెంటనే డప్పుల మధ్య అడుగు వేస్తారు. మన గొల్లల పండుగలు ఎరిగినవారికి ఇది పరాయి ఆటగా తోచదు.

భోజనమూ అంతే. రాత్రి అన్నంలో నీరు పోసి ఉంచి, ఉదయం ఉల్లిపాయతో, పచ్చిమిరపకాయతో తినేదానిని ఇక్కడ బోరే బాసీ అంటారు. మన చద్దన్నమే! ఇక్కడి కూలీ, చీపురుపల్లి నుండి వచ్చిన గ్యాంగుమను ఎండలో పక్కపక్కన కూర్చొని మూత విప్పినపుడు, మాట తెలియకముందే ఒకరి అన్నాన్ని మరొకరు గుర్తుపట్టి ఉంటారు. వచ్చినవారికి ఈ నేల ఇచ్చిన తొలి మర్యాద అదే కావచ్చును.

ఇరవై అయిదు రూపాయల బాకీ

బిలాస్‌పూరు స్టేషను భారతీయ సాహిత్యంలో శాశ్వతంగా నిలిచినది రవీంద్రనాథ ఠాగూరు వలన. 1918 నాటి 'పలాతక' సంపుటిలోని 'ఫాకి' అనే కవితలో, జబ్బుపడిన భార్యతో ప్రయాణం చేస్తున్న ఒక భర్త బండి మారడానికి ఇక్కడ ఆరు గంటలు ఆగుతాడు. రుక్మిణి అనే కూలీ భార్య కూతురి పెండ్లికై ఇరవై అయిదు రూపాయలు కావాలంటే, ఇవ్వమని భార్య కోరుతుంది. అతడు రెండు రూపాయలిచ్చి రుక్మిణిని గద్దించి పంపి, భార్యకు ఇచ్చానని చెబుతాడు. భార్య కృతజ్ఞతతో కన్ను మూస్తుంది. బాకీ తీర్చుకోవాలని అతడు తిరిగి బిలాస్‌పూరు వస్తే రుక్మిణి లేదు. ఎక్కడికి పోయిందో చెప్పగలవారూ లేరు. ఈ కవితను స్టేషనులో ప్రదర్శించి రైల్వేవారు ఆ జ్ఞాపకాన్ని గౌరవించారు.

ఈ ఊరి మీదుగా సాగిపోయిన మనందరి కథా అదే. ఇక్కడి బొగ్గు దేశానికి వెలుగునిచ్చింది, ఇక్కడి ఇసుక మేడలు కట్టింది, ఇక్కడి పట్టాలు మూడు తరాల తెలుగు కుటుంబాలకు అన్నం పెట్టాయి. బదులుగా మనం దీనిని కిటికీలో నుండి చూసి పోయాం. భార్యకు ఇచ్చిన మాట కోసం వెదికిన ఆ భర్తకు రుక్మిణి దొరకలేదు. మనకు ఆ కష్టం లేదు. బిలాసా నది ఇంకా అక్కడే ఉన్నది, ఎండిపోతూ. బారహ్ ఖోలీలో తెలుగు పాట ఇంకా వినబడుతున్నది, పరాయి లిపిలో. నదికి నీరు నిలిపేవారు, ఆ పిల్లకు అక్షరాలు దిద్దించేవారు వస్తే బాకీ తీరే కాలం ఇంకా మించిపోలేదు.